మూసిన నోటి సంగతి

(సింగపూరులోని ఆంగ్ మో కియోలో తెలుగువారు ఏర్పాటు చేసుకున్న సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)



మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఈ అచ్చుపాఠంలో మాత్రం, వాళ్లింట్లోవాళ్ల కోరిక మేరకు, పేరు వేయడం లేదు. ఈ చుట్టుపక్కల ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు. డాక్టర్లకు, వాళ్ల అసిస్టెంట్లకు, కింద కాఫీ షాపు ఆంటీకి అందరికీ ఆయన మాస్టారే.

ఆయన డాక్టరు కాదు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలో పని నేర్చుకున్న డెంటల్ మెకానిక్. పళ్ల సెట్లు, క్యాపులు తయారుచేసేవారికి 1948 నాటి మన దంతవైద్యుల చట్టం పెట్టిన పేరది. ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ అంటున్నాం కానీ, ఆయనకు మెకానిక్ అనిపించుకోవడమే ఇష్టం. రోగి మొహం ఎన్నడూ చూడకుండా, అచ్చుల్లో పోసి ఆరబెట్టిన పళ్ల నమూనాలను చూస్తూ బతికిన మనిషి. ఆయనకు డాక్టర్లతో ఉన్న తగాదా ఒక్కటే. పై పళ్ల అచ్చు వస్తుంది, కింది పళ్ల అచ్చు వస్తుంది, ఆ రెండూ ఎలా కలుస్తాయో చెప్పే మైనం ముక్క రాదు. ఆ పని ముట్టుకోకుండా అరమీద పెట్టేసేవారు. డాక్టరు ఫోన్ చేసి కసురుకుంటే, నోరు తెరిపించి చూశారు బాగానే ఉంది, మూయించి కూడా చూసి పంపండి అనేవారు. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ ఫోను సంభాషణకు పొడిగింపు.

దంతవైద్యుడి కుర్చీలో కూర్చోగానే వినపడేది నోరు తెరవండి అనే మాట. తెరిచిన నోట్లో పుచ్చు కనిపిస్తుంది, గార కనిపిస్తుంది, ఊడిన సిమెంటు కనిపిస్తుంది. పళ్లు తమ పని చేసేది మాత్రం నోరు మూసుకున్నాకే. నమలడం, కొరకడం, మింగడం, ఇవన్నీ దంతవైద్యులం మేం అద్దం పెట్టి చూడలేని వేళల్లో జరుగుతాయి. పన్ను తర్వాత పన్ను లెక్కపెట్టి వైద్యం చేసే అలవాటుకు చదువులోనే పునాది పడుతుంది. పై వరస మీద కింది వరస ఎలా వాలుతుంది, వాలి ఎటు జరుగుతుంది అన్నది పరీక్ష కోసం చదివి, ప్రాక్టీసులో సగం మరిచిపోయే పాఠం.

మీరంతా ఒక్కసారి రెండు చూపుడువేళ్లనూ చెవుల ముందు ఆనించి మెల్లగా నోరు తెరవండి. సిగ్గుపడక్కర్లేదు, అందరూ తెరుస్తున్నారు. మొదట్లో వేళ్ల కింద కదలిక అంతగా తెలియదు. సగం దాటాక ఒక గుండ్రటి ఎముక ముందుకు జారిపోతుంది, వేలి కింద చిన్న గుంట పడుతుంది. తలుపు బందు మీద తిరిగి ఊరుకుంటుంది. దవడ కీలు మాత్రం కొంత తిరిగి, ఆ తర్వాత తలుపూ బందూ కలిసి గుమ్మం దాటి ముందుకు నడిచే రకం. మొదటి 20, 25 మిల్లీమీటర్లు ఎక్కువగా తిరుగుడు, ఆ పైన తిరుగుడుతో పాటు జారుడు. పైగా కుడి కీలు, ఎడమ కీలు ఒకే ఎముకకు రెండు చివర్లు కాబట్టి, ఒకటి కదిలితే రెండోది ఊరుకోదు. కుడివైపు పెట్టుకుని వక్కపలుకు కొరికితే ఎడమ కీలు కూడా కష్టపడుతుంది.

ఆ ఎముకకూ పుర్రె గుంటకూ మధ్య మెత్తటి బిళ్ల ఒకటి ఉంటుంది. అది కాస్త పక్కకు జరిగి, నోరు తెరిచినప్పుడు మళ్లీ చోటికొస్తే టక్కుమంటుంది. ఇప్పుడు మీలో కొందరికి ఆ శబ్దం వినపడే ఉంటుంది, పక్కవాళ్ల వైపు చూస్తున్నారు. నొప్పి లేకుండా, నోరు హాయిగా తెరుచుకుంటుంటే ఆ టక్కుకు వైద్యం అక్కర్లేదు. హాయిగా తెరుచుకోవడం అంటే ఎంత? మీ చేతి మూడు వేళ్లు పక్కపక్కన చేర్చి, నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టండి. పడితే సరి. కొలత బద్ద పెడితే 40 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. పక్కకు ఒక్కోవైపు 8 నుంచి 10 దాకా జరుగుతుంది.

ఆవలించినప్పుడు ఆ గుండ్రటి ఎముక హద్దు దాటి ముందుకు పోయి ఇరుక్కుంటే నోరు మూతపడదు. సుశ్రుతుడికి ఇది బాగా తెలుసు. హనుసంధి జారితే కాపడం పెట్టి, ఎముకను చోటికి తెచ్చి, కట్టు కట్టమన్నాడు. ఇప్పుడు అత్యవసర విభాగంలో డాక్టరు బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుని కింది దవడ పళ్ల మీద ఆనించి, కిందికి అదిమి వెనక్కి తోస్తాడు. గుడ్డ శుభ్రత కోసమని అనుకునేరు. దవడ చోటికి చేరిన మరుక్షణం నోరు గట్టిగా మూసుకుంటుంది, వేళ్లు లోపలే ఉంటాయి.

ఇక పళ్ల దగ్గరికి వద్దాం. రోజు మొత్తంలో పైపళ్లు కిందిపళ్లు నిజంగా తాకే సమయమంతా కూడితే 20 నిమిషాలకు అటూ ఇటూ. మిగతా వేళంతా, పెదవులు మూసుకుని ఉన్నా సరే, లోపల పళ్ల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఇప్పుడు నా మాటలు వింటూ పళ్లు బిగించి కూర్చున్నవాళ్లు ఉంటే కాస్త వదలండి. ఆ 20 నిమిషాల్లోనే బలమంతా చూపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల దవడ పళ్ల మీద గట్టిగా కొరికినప్పుడు పడే ఒత్తిడి 50, 60, ఒక్కోసారి 70 కిలోల బరువుకు సమానం.

అంత బలం ఉన్న యంత్రానికి స్పర్శ కూడా అంతే సూక్ష్మం. పన్ను ఎముకలో నేరుగా పాతుకుని ఉండదు. చుట్టూ ఒక మిల్లీమీటరులో అయిదో వంతు మందం గల పీచు పొర మీద వేలాడుతూ ఉంటుంది. ఆ పీచులో నరాలున్నాయి. పళ్ల మధ్య 20 మైక్రాన్ల రేకు పడినా మనిషికి తెలుస్తుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అన్నంలో వెంట్రుక వస్తే కంటికంటే ముందు పంటికి తెలిసేది అందుకే.

ఈ లెక్క పెట్టుకుని, కొత్తగా క్యాపు వేయించుకున్న పన్ను సంగతి ఆలోచించండి. క్యాపు పావు మిల్లీమీటరు ఎత్తయిందనుకుందాం. కంటికి ఏమీ కనపడదు. నోరు మూయగానే మొదట ఆ ఒక్క పన్నే తగులుతుంది, మిగతావి ఇంకా గాల్లోనే ఉంటాయి. మెదడు దవడను కాస్త పక్కకు తిప్పి మూయడం మొదలుపెడుతుంది. వారం తిరిగేసరికి ఆ పన్ను చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది, నమిలితే సలుపుతుంది, చెంప కండ బరువెక్కుతుంది. రోగి మళ్లీ వచ్చి రూట్ కెనాల్ చేయించాలా డాక్టరుగారూ అని అడుగుతాడు. చాలాసార్లు కావాల్సింది అరనిమిషం అరగదీత.

దాన్ని కనిపెట్టేది నీలం కాగితం. మీలో చాలామంది దాన్ని కొరికే ఉంటారు. మామూలు రకం 40 మైక్రాన్లు ఉంటుంది, మందపు రకాలు 200 దాకా పోతాయి. మందపు కాగితం పెట్టి కొరికిస్తే తగిలిన చోటా తగలని చోటా మరకే, ఆ మరకను నమ్మి డ్రిల్లు పెడితే మంచి పంటిని అరగదీసినట్టే. మరకను చదవడానికి ఒక గుర్తుంది. గట్టిగా తగిలే చోట రంగు నలిగి పక్కకు పోయి, చుట్టూ నీలం వలయం, మధ్యలో తెల్లటి చుక్క మిగులుతుంది. చూడాల్సింది ఆ తెల్లచుక్క. ముదురు నీలం మరక ఎంత పెద్దదైనా అది ఉత్త రాపిడి కావచ్చు. ఆ తర్వాత ఎర్ర కాగితం పెట్టి పక్కలకు జరిపిస్తాం. నిటారుగా మూసినప్పుడు బాగున్న పన్ను, దవడ పక్కకు జరిగేటప్పుడు ఎదుటి పంటి కొసకు అడ్డం పడొచ్చు. చివరగా 8 మైక్రాన్ల రేకును పళ్ల మధ్య పెట్టి, కొరకమని, లాగుతాం. క్యాపు పక్కనున్న సహజ దంతాలు కూడా రేకును పట్టుకుని ఆపితే క్యాపు ఎత్తు సరిపోయినట్టు. అవి వదిలేసి క్యాపు ఒక్కటే పట్టుకుంటే పని ఇంకా ఉంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మత్తు సూది వేసిన నోరు తన కాటు తానే మరిచిపోతుంది, సరిగ్గా మూయలేదు. కుర్చీ వాల్చి పడుకోబెడితే కింది దవడ కాస్త వెనక్కి జారుతుంది. భోజనం ఎవరూ పడుకుని చేయరు కదా. కాబట్టి కుర్చీ నిలబెట్టి ఒకసారి, మత్తు దిగాక అవసరమైతే మర్నాడు ఒకసారి చూడాలి. మర్నాడు రమ్మంటే విసుక్కోకండి. డాక్టరు రమ్మనకపోతే మీరే ఫోన్ చేసి వెళ్లండి. తగులుతోంది అని మీరు అన్నప్పుడు, అలవాటైపోతుందిలే అని ఎవరైనా జవాబిస్తే, ఇంకోసారి కాగితం పెట్టి చూడమని అడిగే హక్కు మీకుంది.

ఇక మాస్టారి ల్యాబు వైపు వస్తే, రాతిపిండి నమూనాలను నోటి కదలికకు దగ్గరగా కదిలించే పనిముట్టు ఆర్టిక్యులేటర్. మాస్టారు దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కారు. దాని వెనక నూటయాభై ఏళ్ల పట్టుదల ఉంది. 1858లో అమెరికాలో బాన్‌విల్ అనే ఆయన, రెండు దవడ కీళ్లనూ కింది ముందుపళ్ల మధ్య బిందువునూ కలిపితే నాలుగంగుళాల సమబాహు త్రిభుజం వస్తుందని లెక్కగట్టి, దాని మీద పనిముట్టు చేశాడు. 1899లో ఎడ్వర్డ్ ఆంగిల్ పై మొదటి దవడ పన్ను కింది పంటి మీద ఎక్కడ కూర్చుంటుందో చూసి, కాటు తేడాలను మూడు తరగతులు చేశాడు. మీ పిల్లలకు క్లిప్పులు వేసే డాక్టరు కాగితం మీద రాసే క్లాస్ వన్, టూ, త్రీ ఆయనవే. ఇంగ్లండులో నార్మన్ బెనెట్ 1908లో తన సొంత దవడకే చిన్న దీపాలు అమర్చుకుని, ఆ వెలుగు తెర మీద గీసిన దారులను చూసి, పక్కకు నమిలేటప్పుడు దవడ మొత్తం కొద్దిగా ఒక వైపుకు ఒరుగుతుందని చెప్పాడు. స్వీడన్‌లో ఉల్ఫ్ పోసెల్ట్ 1952లో కింది ముందుపంటి కొస చేరగలిగిన హద్దులన్నీ గీసి చూపించాడు. ఇంతమంది కొలిచాక కూడా ఒకరి దవడ ఇంకొకరి దవడలా కదలదన్నదే తేలింది. బాన్‌విల్ త్రిభుజం సరాసరి మనిషిది. కుర్చీలోకి వచ్చే మనిషికి ఆ కొలతలు అచ్చంగా సరిపోవడం అరుదు.

ఇప్పుడు కాస్త ఇబ్బందైన విషయం. కాటు ముఖ్యం అని ఇంతసేపు చెప్పిన నేనే, కాటును అన్ని రోగాలకూ మూలం చేసిన కథ కూడా చెప్పాలి. 1934లో సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు 11 మంది రోగులను చూసి, చెవి పోటు, చెవిలో హోరు, తలనొప్పి, తల తిరుగుడు, ఇవన్నీ దవడ పళ్లు పోయి కాటు కుంగడం వల్లేనని రాశాడు. కీలు వెనక్కి నొక్కుకుని నరాలను నలుపుతుందన్న ఆయన వివరణను శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు తర్వాత తోసిపుచ్చారు. అప్పటికే దంతవైద్యం ఆ దారి పట్టేసింది. దవడ నొప్పితో వచ్చినవాళ్లకు పళ్లు అరగదీయడం, నోరంతా క్యాపులు వేసి కాటు మళ్లీ కట్టడం దశాబ్దాల పాటు సాగింది. 2003లో కాక్రేన్ సమీక్ష, పళ్లు అరగదీసి కాటు సర్దడం దవడ కీలు బాధలను తగ్గిస్తుందనడానికి గానీ, రాకుండా ఆపుతుందనడానికి గానీ ఆధారం లేదని తేల్చింది. 2010లో అమెరికా దంత పరిశోధకుల సంఘం, ఈ బాధలకు మొదట వెనక్కి తీసుకోగల తేలిక చికిత్సలే చేయాలని ప్రకటించింది. 2020లో అక్కడి జాతీయ విజ్ఞాన, ఇంజినీరింగ్, వైద్య అకాడమీల నివేదిక కూడా రోగులకు కలుగుతున్న అనవసర హానిని గట్టిగా ఎత్తిచూపింది.

ఇది పుస్తకాల గొడవ అనుకోకండి. మెడనొప్పికి మూలం కాటులో ఉందని ఎవరో చెబితే, వరసగా దవడ పళ్లు అరగదీయించుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఎక్కడ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. మెడనొప్పి అలాగే ఉంది, పళ్ల మీద ఎనామెల్ పోయింది. ఎనామెల్‌ను శరీరం మళ్లీ తయారుచేయలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మేం చేసిన పని వల్ల కాటు చెడితే దాన్ని వెంటనే సరిచేయడం మా బాధ్యత. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తున్న కాటును, పుస్తకంలో బొమ్మలాగా లేదని ముట్టుకోకూడదు. దవడ నొప్పికి మెత్తటి తిండి, వేడి కాపడం, కొద్ది వారాల వ్యాయామం, పళ్లు బిగించే అలవాటు మీద గమనిక, ఇవి ముందు. చూయింగ్ గమ్ మానమని కూడా చెబుతాం. సింగపూరులో ఆ సలహా ఇచ్చే శ్రమ మాకు తక్కువే. 1992 నుంచి ఇక్కడికి గమ్ తేవడం నిషేధం. 2004లో ఇచ్చిన సడలింపు వైద్యానికి పనికొచ్చే గమ్‌కే, అదీ ఫార్మసిస్టో దంతవైద్యుడో ఇస్తేనే. గమ్ అమ్మే అధికారం పంటి డాక్టరుకిచ్చిన దేశం ఇది.

నిద్రలో పళ్లు నూరడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన ఊళ్లలో పిల్లలు నూరితే కడుపులో నులిపురుగులంటారు. ఒక తరం డాక్టర్లు కాటు తేడా అన్నారు. ఇప్పటి అవగాహన ప్రకారం దాని మూలం నిద్రలో మెదడు పనితీరులో ఉంది. రాత్రి పెట్టుకునే తొడుగు నూరడాన్ని ఆపదు, నూరినా పళ్లు అరగకుండా కాస్తుంది. అంతవరకు ఆశపడి కొనుక్కోండి.

మనం కూర్చున్న ఈ ఊరి సంగతికి వస్తాను. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఆంగ్ మో కియోను 1973లో కట్టడం మొదలుపెట్టింది. అప్పుడు ముప్పై ఏళ్ల వయసులో ఇంటి తాళాలు తీసుకున్నవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. మార్కెట్టులో, లిఫ్టు దగ్గర, పార్కులో కనిపించేవాళ్లలో తలపండినవాళ్లు ఎక్కువ. వాళ్ల నోళ్లలో ఇంకో కథ ఉంది. సింగపూరు 1950లు ముగిసేలోపే ద్వీపమంతటికీ సరఫరా చేసే మంచినీళ్లలో కొద్దిపాటి ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. మన ప్రాంతంలో సంగతి తలకిందులు. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు, బావి నీళ్లలో సహజంగానే ఎక్కువగా ఉన్న ఫ్లోరైడు పళ్లను గారలు కట్టించి, ఎముకలను వంచేస్తోందని 1937లోనే వైద్యులు రాశారు. నల్లగొండ పేరు తర్వాత దేశమంతా తెలిసింది. అదే పదార్థం, మోతాదు తేడా. ఇక్కడ ఆ మోతాదు అదుపులో ఉండటం వల్ల పుచ్చు తగ్గి, కొత్త తరాల పళ్లు ముసలితనం దాకా నిలుస్తున్నాయి. నిలిచిన పళ్లకు అరుగుదల, పగులు, కాటు బాధలు వస్తాయి. వీళ్లకంటే ముందు తరానివి ఎప్పుడో ఊడిపోయాయి, కట్టుడు పళ్లతో నెట్టుకొస్తున్నారు.

పళ్లు పీకించుకున్న చోట దవడ ఎముక కరిగిపోతూనే ఉంటుంది. ఆంట్యే టాల్‌గ్రెన్ పూర్తి సెట్లు పెట్టుకున్నవాళ్లను పాతికేళ్ల దాకా గమనించి 1972లో రాసిన వ్యాసం ప్రకారం, కింది దవడ కరుగుదల పైదానికి సుమారు నాలుగు రెట్లు. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది, కింది సెట్టు నాలుక తోసినప్పుడల్లా లేస్తుంది. పదేళ్ల కిందటి సెట్టును పౌడరు పూసి వాడుతుంటే, ఎముక కుంగిన కొద్దీ నోరు మరీ ఎక్కువ మూసుకుంటుంది. గడ్డం ముక్కు దగ్గరికి వస్తుంది, పెదవుల మూలలు తడిసి పగులుతాయి. విటమిను మాత్రలు మింగుతారు, అవి తగ్గవు.

అలాంటి పెద్దవాళ్లకు కొత్త సెట్టు చేయడంలో గంట సేపు పట్టే పని, నోరు ఎంత ఎత్తులో మూసుకోవాలో కనుక్కోవడం. పళ్లు లేవు కాబట్టి అడగడానికి సాక్షులు లేరు. ముక్కు కొస మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెడతాం. అమ్మ అనమంటాం. ఆ మాట ముగిసి పెదవులు వాటంతటవే తాకి, దవడ వదులుగా ఉన్న క్షణంలో చుక్కల మధ్య దూరం కొలుస్తాం. ఇక్కడి చైనీస్ అవ్వలతో మామా అనిపిస్తాం. ఆ కొలతలోంచి రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గించి, మైనపు గట్లు ఆ ఎత్తుకు కోస్తాం. తర్వాత నాలుక కొసను అంగిలి వెనక్కి మడిచి మూయమంటే దవడ వెనక తన చోటికి వెళుతుంది. ఎప్పటినుంచో ముందుకు తోసి నమిలిన అలవాటు ఉంటే పదిసార్లు మూయించాలి. మధ్యలో మంచినీళ్లు తాగిస్తాం, ఊళ్లో సంగతులు అడుగుతాం. మాటల్లో పడి దవడ బిగువు వదిలినప్పుడు వచ్చే మూతే నిజం మూత. మాస్టారికి పంపిన మైనం ముక్కల్లో ఆయన మెచ్చుకున్నవి అలా తీసినవే. తొందరపడి తీసినవాటిని గట్టు మీద గోటిగీతలు చూసి పట్టేసేవారు.

ఇంత అవస్థ ఎందుకంటే, నమలడం పోయిన ముసలివాళ్ల కంచం త్వరగా మారిపోతుంది. పప్పు, గంజి, మెత్తటి బ్రెడ్డు మిగులుతాయి. వేరుశనగలు, మాంసం, ఆకుకూర కాడలు పక్కకు పోతాయి. కండబలం తగ్గుతుంది. ఈ సంగతి గుర్తించే 2018లో ఇక్కడ ప్రాజెక్ట్ సిల్వర్ స్క్రీన్ పేరుతో 60 ఏళ్లు దాటినవారికి చూపు, వినికిడితో పాటు నోటిని కూడా పరీక్షించే కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వ వైద్య రాయితీ పథకం చాస్‌లో బ్లూ, ఆరెంజ్ కార్డులున్నవారికి, పౌరుల్లో 1949 చివరిలోపు పుట్టిన పయనీర్ తరానికి, 1950 నుంచి 1959 మధ్య పుట్టిన మెర్డేకా తరానికి, చాస్‌లో చేరిన ప్రైవేటు దంతవైద్యుల దగ్గర కట్టుడు పళ్లకు కూడా రాయితీ ఉంది. మన తెలుగు కుటుంబాల్లో వీసా మీద వచ్చి పిల్లల దగ్గర ఉండే తల్లిదండ్రులకు ఇవేవీ వర్తించవు. అమ్మానాన్నలను ఇక్కడికి తెచ్చేముందు అక్కడే ఒకసారి సెట్టు చూపించుకుని రమ్మనండి. డబ్బు తక్కువ, సర్దుబాట్లకు మళ్లీ మళ్లీ వెళ్లే వీలూ ఉంటుంది.

పిల్లల విషయం క్లుప్తంగా ముగిస్తాను, వాళ్లు వెనక వరసల్లో అప్పుడే లేస్తున్నారు. రాబర్ట్ కొరుచ్చిని అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1984లో ప్రపంచంలో పలు జాతుల పళ్లను పోల్చి, పల్లె తిండి నుంచి పట్నం మెత్తటి తిండికి మారిన ఒకటి రెండు తరాల్లోనే పళ్ల వరసలు చెదురుతున్నాయని వాదించాడు. పూర్తిగా తిండిదే తప్పనడం అతి అవుతుంది, వంశం పాలు పెద్దదే. అయినా చెరుకుగడ పంటితో చీల్చుకుని, ఆవకాయ టెంక చప్పరించి కొరికిన దవడలకూ, నూడుల్స్ జుర్రుకున్న దవడలకూ పెరుగుదలలో తేడా ఉండదనుకోవడం కష్టం. నాలుగేళ్లు దాటినా బొటనవేలు చీకే పిల్లలను, ఎప్పుడూ నోటితో గాలి పీల్చే పిల్లలను ముందే చూపించండి. క్లిప్పులు అందం కోసమేనని కొట్టిపారేయొద్దు. కింది పళ్లు పై చిగురును పొడుస్తుంటే, దవడ ఒక పక్కకు తప్పుకుని మూసుకుంటుంటే అది వైద్యమే. అలాగని స్నేహితురాలికి ఉన్నాయని నాకూ కావాలనే పదమూడేళ్ల పిల్లకు వద్దనడం కూడా వైద్యమే.

చివరి మాట, అసలు తెరుచుకోని నోటి గురించి. 1952లో ష్వార్ట్జ్ అనే డాక్టరు కెన్యాలో ఉంటున్న అయిదుగురు భారతీయ స్త్రీల నోళ్లలో, చెంప లోపలి పొర తెల్లబడి బిరుసెక్కి నోరు తెరుచుకోవడం తగ్గిపోవడం చూసి రాశాడు. మరుసటి ఏడు బొంబాయిలో జోషీ అదే జబ్బును మన దేశంలో వర్ణించాడు. కారణం వక్క. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే చాలు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వక్కను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. గుట్కా ప్యాకెట్లు వచ్చాక ఈ జబ్బు పాతికేళ్ల కుర్రాళ్లలో కనపడుతోంది. మొదట కారం తగిలితే మంట, తర్వాత ఈల వేయడం రాదు, బూర ఊదలేరు, తర్వాత మూడు వేళ్లు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది. బిరుసెక్కిన పీచు మళ్లీ పూర్తిగా మెత్తబడదు. మానేస్తే ముదరడం ఆగుతుంది, వ్యాయామంతో కొంత తెరుచుకుంటుంది. సింగపూరులో 2016 నుంచి గుట్కా, ఖైనీ నిషేధం. ఊరి నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో వక్కపొడి డబ్బాలు మాత్రం ఇంకా వస్తున్నాయి, అతిథుల ముందు పెట్టడం మర్యాదగానే చెలామణీ అవుతోంది. తాంబూలం ఇవ్వండి, పుచ్చుకోండి. వక్కను నోట్లో వేసుకోకండి.

ఇందాక మూడు వేళ్లు పట్టనివాళ్లు ఎవరైనా ఉంటే, ఎడమవైపు బల్ల దగ్గర ఇద్దరు జూనియర్ డాక్టర్లు కొలత బద్దలతో కూర్చుని ఉన్నారు, వాళ్లను కలవండి. పెద్దవాళ్ల పాత సెట్లు తెచ్చినవాళ్లు కూడా అక్కడికే వెళ్లండి, నీలం కాగితం సరిపడా ఉంది. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.